42లోంచి 17 తీసేస్తే 35!

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలైపోయాయి. పిల్లలిద్దరూ టీవీ ముందు చేరారు. వాళ్లమ్మ మాత్రం డైనింగ్ టేబుల్ మీద నాలుగో తరగతి లెక్కల పేపర్లు పరుచుకుని కూర్చుంది. చేతిలో ఎర్ర పెన్ను. పక్కన చల్లారిపోయిన టీ.

'ఇంకెన్నున్నాయి?' అడిగాడు భర్త.

'ముప్ఫై దాకా ఉంటాయండీ.'

'పన్నెండేళ్లుగా ఇదే వరస. జీతం చూస్తే అంతంతమాత్రం. ఇంకేదైనా ఉద్యోగం చూసుకోకూడదూ?'

'ఇంకేదైనా అంటే..? పాఠం చెప్పడం తప్ప నాకేం వచ్చని?'

ఇది ఏ ఒక్క ఇంట్లోనో వినిపించే మాట కాదు. బీఈడీ చేసి, ఇంటికి దగ్గరని ఓ ప్రైవేటు స్కూల్లో చేరి, డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ పదేళ్లు గడిపేసినవాళ్లు ఊరికి వందల్లో ఉంటారు. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగింది. ఉద్యోగం వచ్చినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. రానివాళ్లకు జూన్ రాగానే మళ్లీ అదే స్కూలు, అదే సుద్దముక్క. 'బతకలేక బడిపంతులు' అన్న సామెత ఎవరు పుట్టించారో కానీ, చుట్టాలింట్లో పెళ్లికెళితే ఎవరో ఒకరు దాన్ని గుర్తుచేయకుండా వదలరు.

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు ఆ సామెత నిజంగానే నెత్తిన పడింది. తోపుడుబండి మీద కూరగాయలు అమ్మిన టీచర్లున్నారు. ఉపాధి హామీ పనులకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు స్కూళ్ల సిబ్బందికి నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఒకే పని మీద, ఒకే తలుపు మీద ఆధారపడితే ఆ తలుపు మూసుకున్న రోజున ఏమవుతుందో అప్పుడు చాలా కుటుంబాలు చూశాయి.

మరి టీచరుకు నిజంగానే ఇంకేమీ రాదా?

ఆ 35 ఎక్కడిది?

మళ్లీ ఆ డైనింగ్ టేబుల్ దగ్గరికే వద్దాం. 42లోంచి 17 తీసేయాలి. ఓ పిల్లాడు 35 అని రాశాడు. ఎదురింటి ఇంజినీరుగారికి చూపిస్తే 'తప్పు' అంటాడు, అంతే. ఈ టీచరమ్మకు మాత్రం అర సెకనులో అర్థమైపోయింది. వాడు 2లోంచి 7 పోదు కాబట్టి, 7లోంచి 2 తీసేశాడు. 5 వచ్చింది. పదుల్లో 4లోంచి 1 పోతే 3. మొత్తం 35. పక్క పేపర్లో 59 ఉంది. ఆ పిల్ల తీసివేత గుర్తు చూడకుండా కూడేసింది. ఇంకో పేపర్లో 26. వేళ్ల మీద లెక్కపెట్టేటప్పుడు ఒకటి తప్పింది. ముగ్గురికీ సున్నాయే కానీ, ముగ్గురికీ చెప్పాల్సిన మాట ఒకటి కాదు.

42లోంచి 17 పోతే 25 అని ప్రపంచంలో కోట్లమందికి తెలుసు. 35 ఎలా వస్తుందో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. టీచర్ల దగ్గరున్న అసలు సరుకు ఇదే. చిత్రమేమిటంటే దాన్ని వాళ్లే సరుకుగా గుర్తించరు. బయోడేటాలో 'ఎమ్మెస్సీ, బీఈడీ, పన్నెండేళ్ల అనుభవం' అని రాసి ఊరుకుంటారు. చదివే కంపెనీవాడికి అది ఒక డిగ్రీ కింద కనిపిస్తుందే తప్ప పనితనం కింద కనిపించదు.

ప్రశ్నలు రాయడమూ ఓ ఉద్యోగమే

ఈ 35ను నేరుగా డబ్బుగా మార్చే పని ఒకటుంది. ప్రశ్నలు తయారుచేయడం. పరీక్షల్లో నాలుగు ఆప్షన్లిచ్చే ప్రశ్న చూసే ఉంటారు. ఒకటి సరైన జవాబు. మిగతా మూడింటినీ ఊరికే నోటికొచ్చిన అంకెలతో నింపేస్తే అది మంచి ప్రశ్న కాదు. 25, 35, 59, 26 అని ఇస్తే, ఏ పిల్లాడు ఏ ఆప్షన్ పెట్టాడో చూసి ఎక్కడ తప్పటడుగు వేశాడో చెప్పేయొచ్చు. ఈ తప్పు ఆప్షన్లను 'డిస్ట్రాక్టర్లు' అంటారు. వాటిని రాయగలిగేది పేపర్లు దిద్దినవాళ్లే.

దేశంలో ఈ పనికి గిరాకీ పెరుగుతోంది. 2021లో నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే జరిగింది. 2023లో ఎన్సీఈఆర్టీలో 'పరఖ్' పేరుతో మూల్యాంకనానికి ప్రత్యేక విభాగమే పెట్టారు. 2024 డిసెంబరులో జాతీయ సర్వే నిర్వహించింది ఆ విభాగమే. ప్రైవేటులో అయితే అహ్మదాబాద్‌కు చెందిన ఎడ్యుకేషనల్ ఇనీషియేటివ్స్ సంస్థ 2001 నుంచీ 'అసెట్' పరీక్షతో ఇదే పని చేస్తోంది. పెద్ద కోచింగ్ సంస్థలు, పుస్తకాల కంపెనీలు, ఆన్‌లైన్ పాఠాల సంస్థలు... అన్నింటికీ ప్రశ్నలు రాసేవాళ్లు కావాలి. బీఈడీలో బ్లూప్రింటు, భారత్వ పట్టిక అంటూ మార్కుల కోసం బట్టీపట్టిన పాఠం ఇక్కడ రోజువారీ పనిముట్టు.

దీనికి చుట్టమే 'ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్' ఉద్యోగం. పేరు పెద్దదే కానీ పని తెలిసిందే. బ్యాంకులో కొత్తగా చేరిన గుమస్తాకు, ఆసుపత్రిలో నర్సుకు, ఫ్యాక్టరీలో ఆపరేటరుకు కంప్యూటర్లో పాఠాలు ఉంటాయి కదా, ఆ పాఠం ఏ వరసలో నడవాలో రాసేది వీళ్లు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఈ-లెర్నింగ్ సంస్థలు చాలాకాలంగా ఉన్నాయి. ఇంటర్వ్యూలో డిగ్రీల గురించి అడిగేది తక్కువ. ఓ చిన్న విషయం ఇచ్చి 'దీన్ని ఆరు తెరల్లో చెప్పండి' అంటారు. మొదటిసారి ఏటీఎం కార్డు పట్టుకున్న పెద్దాయనకు డబ్బులు తీయడం నేర్పాలనుకుందాం. కార్డు పెట్టే దగ్గర కాదు, పిన్ కొట్టే దగ్గర ఆయన చెయ్యి వణుకుతుందని ఊహించగలిగినవాళ్లకే ఉద్యోగం. ఇంగ్లిష్ రాయడం బాగా రావాలి, అది నిజం. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇక్కడ కొంత కుస్తీపట్టక తప్పదు.

మదనపల్లె నుంచి మైసూరు దాకా

పాఠాన్ని వస్తువుగా మలిచి, దాన్ని రాష్ట్రాల సరిహద్దులు దాటించిన కథ మన దగ్గరే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు తెలుసు కదా. దాని చుట్టుపక్కల పల్లెల్లో ఆ సంస్థ చిన్న చిన్న బడులు నడిపింది. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతుల పిల్లలు! ఒకరికి చెబుతుంటే మిగతావాళ్లు అల్లరి. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ పాఠాన్ని ముక్కలు చేశారు. ప్రతి ముక్కా ఓ కార్డు. కార్డులన్నీ ఒక నిచ్చెన మెట్లలా గోడ మీద. పిల్లాడు తన మెట్టు ఎక్కడుందో చూసుకుని, తన కార్డు తనే తెచ్చుకుని పని మొదలెడతాడు. వాడు ఏ మెట్టు మీద ఆగిపోతే టీచరు అక్కడికి వెళుతుంది.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట నుంచి మామూలు సర్కారు బడి టీచర్లు కొందరు వచ్చి ఈ పద్ధతి చూసి వెళ్లారు. కన్నడంలో సొంతంగా కార్డులు రాసుకున్నారు. అదే 'నలి-కలి'. ఆడుతూ నేర్చుకో అని అర్థం. తర్వాత అది కర్ణాటక ప్రాథమిక బడులంతటా పాకింది. 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడులు కూడా ఈ దారే పట్టాయి. కార్డులు రాసినవాళ్లు మళ్లీ తోటి టీచర్లకు శిక్షకులయ్యారు. వాళ్లేమీ విదేశాల్లో చదివొచ్చిన నిపుణులు కాదు. మన టీచరమ్మ లాగే పేపర్లు దిద్దినవాళ్లు.

ఇలాంటి పనులు ఇవాళ స్వచ్ఛంద సంస్థల్లో, డైట్ కళాశాలల్లో, ఎస్సీఈఆర్టీల్లో ఉంటాయి. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ లాంటి చోట ఎంఏ ఎడ్యుకేషన్ చదివితే తలుపులు ఇంకాస్త తెరుచుకుంటాయి. అయితే ఊళ్లు తిరగాలి. ఇల్లు కదలలేనివాళ్లకు ఇది కుదరదు.

పక్క గదిలో పెద్ద ఖాళీ

అన్నింటికన్నా పెద్ద ఖాళీ తరగతి గదికి ఆనుకునే ఉంది. స్పెషల్ ఎడ్యుకేటర్. అక్షరాలు తిరగేసి చదివే పిల్లాడు, బెంచీ మీద నిమిషం నిలవలేని పిల్ల, మాట రాని బిడ్డ... వీళ్లను మామూలు టీచరు గుర్తుపడుతుంది కానీ ఏంచేయాలో తెలియక నిస్సహాయంగా చూస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో పిల్లల్ని చదువులో వెనక్కి లాగే అభ్యసన లోపాలు, ఆటిజం కూడా ఉన్నాయి. 2021లో సుప్రీంకోర్టు ఈ పిల్లలకు ఎంతమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలో తేల్చమంది. ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆ పైన పదిహేనుమందికి ఒకరు అని 2022లో కేంద్రం నోటిఫై చేసింది. ఆ లెక్కన మన మండలంలో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు? దగ్గర్లోని భవిత కేంద్రానికి వెళ్లి చూస్తే జవాబు దొరుకుతుంది.

దీనికి దొడ్డిదారి లేదు. 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కోర్సు చేసి, కౌన్సిల్ రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. డిప్లొమా స్థాయిలో, బీఈడీ స్థాయిలో కోర్సులున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు 'నీపిడ్' అంటున్నారు, ఈ రంగానికి పెద్దదిక్కు. ఎక్కడో నాలుగు రోజుల వర్క్‌షాపు చేసి సర్టిఫికెట్టు గోడకు తగిలించుకుంటే చెల్లదు. ఆ సర్టిఫికెట్టును నమ్మి తమ బిడ్డను అప్పగించే తల్లిదండ్రుల సంగతి ఒక్కసారి ఆలోచిస్తే చాలు.

స్కూల్ కౌన్సెలర్ సంగతీ ఇంతే. సీబీఎస్ఈ స్కూళ్లకు కౌన్సెలర్ ఉండాలన్న నిబంధన ఉంది. ఎన్సీఈఆర్టీ గైడెన్స్, కౌన్సెలింగ్‌లో డిప్లొమా నడుపుతోంది. పిల్లలు ఎవరితో మనసు విప్పుతారో ఆ టీచర్లకు ఇది బాగా నప్పుతుంది. అన్నీ తామే మాట్లాడే టీచర్లు జోలికి వెళ్లకపోవడం మంచిది.

పుస్తకం మొదటి పేజీ

ఇంట్లో పిల్లల పాఠ్యపుస్తకం తీసి మొదటి పేజీలు చూడండి. రచయితల పేర్లుంటాయి. వాళ్లలో జిల్లా పరిషత్ హైస్కూలు టీచర్లు చాలామంది కనిపిస్తారు. గిడుగు రామమూర్తి కూడా పర్లాకిమిడిలో బడిపంతులే. సవర పిల్లలకు వాళ్ల భాషలో చెప్పాలని ముందు తాను సవర నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. లిపిలేని భాషకు ఒక స్కూలు మాస్టారు చేసిన పని అది.

ఇప్పటి మార్కెట్ అంత ఉదాత్తంగా ఏమీ ఉండదు. విజయవాడ ఏలూరు రోడ్డులో గైడ్లు, స్టడీ మెటీరియల్ రాయించుకునేవాళ్లున్నారు. పత్రికల విద్యా పేజీలకు రాసేవాళ్లూ టీచర్లే. చేతికి ఇంత అని ఇచ్చి పంపేస్తారు. పేరు వేస్తారో లేదో ముందే అడగాలి. కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీద రాసుకోవాల్సిందే. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే చెల్లుతుంది. నోటిమాట మీద మూడొందల పేజీలు రాసిచ్చి, తర్వాత పదేళ్లపాటు ప్రతి జూన్‌లోనూ తన పుస్తకాన్ని వేరే పేరుతో షాపులో చూసుకోవడం కన్నా ఒక తెల్లకాగితం నయం.

కౌన్సెలరా, సేల్స్‌మ్యానా?

ఆన్‌లైన్ చదువుల సంస్థల గురించి ఓ మాట. కరోనా కాలంలో వేల ఉద్యోగాలు పుట్టాయి. తర్వాత అంతే వేగంగా పోయాయి. ఒకప్పుడు దేశంలోనే అత్యంత విలువైన స్టార్టప్ అనిపించుకున్న బైజూస్ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. దాన్ని పెట్టినాయన కూడా స్వతహాగా టీచరే! కాబట్టి ఈ రంగంలోకి వెళ్లేవాళ్లు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. జీతం ఎవరి డబ్బులోంచి వస్తోంది, పిల్లలు కట్టిన ఫీజులోంచా, పెట్టుబడిదారులు పోసినదాంట్లోంచా? రెండోది, ఇచ్చిన పని ఏమిటి? 'అకడమిక్ కౌన్సెలర్' అన్న పేరు వెనక చాలాచోట్ల ఉండేది ఫోన్లు చేసి కోర్సులు అమ్మే పని. నెలకు ఇన్ని అని టార్గెట్. అమ్మకం తప్పు పని కాదు. కానీ పాఠం రాస్తాననుకుని వెళ్లి, ఆటో డ్రైవరు చేత కిస్తీల మీద ట్యాబ్ కొనిపించాల్సి వస్తే ఆ రాత్రి నిద్రపట్టదు.

సర్కారు టీచర్లకైతే వేరే చిక్కు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. సర్వీసులో ఉండగా ఏ సంస్థకు పనిచేయాలన్నా 1964 నాటి ప్రవర్తనా నియమావళి అడ్డు నిలుస్తుంది. అనుమతి సంగతి ముందు తేల్చుకోవాలి. రిటైరయ్యాక అయితే ఆకాశమే హద్దు. ప్రభుత్వ టీచరుగా రిటైరైన చుక్కా రామయ్య నల్లకుంటలో ఐఐటీ శిక్షణ మొదలుపెట్టి 'ఐఐటీ రామయ్య' అయింది ఆ తర్వాతే. అన్నట్టు, రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు టీచర్ల ఓట్లకు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో అయిదు, తెలంగాణలో మూడు. అది కెరీర్ కింద లెక్కేస్తామంటే ఎవరూ కాదనరు కానీ, సంఘాల రాజకీయం చేయాలి!

రాజీనామాకు ముందు

కొత్త పనిలో మొదటి ఏడాది జీతం పెరగకపోవచ్చు. తగ్గనూ వచ్చు. అందుకే తొందరపడి చీటీ రాసిచ్చేయకూడదు. చదువు సంవత్సరం మధ్యలో మానేస్తే పిల్లలకూ నష్టం, చివరి నెలల జీతమూ చిక్కుల్లో పడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కొన్నిచోట్ల యాజమాన్యం బీరువాలో ఉంటాయి. ముందు వాటిని తెచ్చుకోవాలి. అనుభవ ధ్రువపత్రంలో 'టీచరు' అని ఒక్క మాట కాకుండా ప్రశ్నపత్రాలు తయారుచేసిన సంగతి, కొత్త టీచర్లకు శిక్షణ ఇచ్చిన సంగతి కూడా రాయమని అడగాలి.

పీఎఫ్ ఉన్నవాళ్లు డబ్బు తీసేసుకోకుండా కొత్త చోటికి బదిలీ చేయించుకుంటే మంచిది. పదేళ్ల సర్వీసు నిండితే పింఛనుకు అర్హత వస్తుంది. తొమ్మిదో ఏట తీసేసుకుని బాధపడ్డవాళ్లున్నారు.

చాలామంది టీచర్లకు తెలియని ఇంకో సంగతి గ్రాట్యుటీ. టీచర్లు చట్టంలో 'ఉద్యోగి' కిందికి రారని ఒకప్పుడు వాదన ఉండేది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకూ వర్తింపజేసింది. ప్రైవేటు స్కూళ్లు కోర్టుకెళ్లాయి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ సబబేనంది. పదిమంది, ఆపైన సిబ్బంది ఉన్న స్కూల్లో అయిదేళ్లు పనిచేస్తే, ఏడాదికి పదిహేను రోజుల వేతనం లెక్కన రావాలి. చివరి బేసిక్, డీఏ కలిపి 18 వేలు, సర్వీసు పన్నెండేళ్లు అనుకోండి. 18 వేలను 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని 12తో గుణిస్తే లక్షా 24 వేల రూపాయల పైచిలుకు. స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సు చదివే కాలంలో ఇల్లు గడవడానికి ఇది చిన్న మొత్తమేమీ కాదు. అడగనిదే మాత్రం ఎవరూ చేతిలో పెట్టరు.

ఇక చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. పది ప్రశ్నలు, ఒక్కో తప్పు ఆప్షన్ పక్కన 'పిల్లలు ఇది ఎందుకు ఎంచుకుంటారు' అని ఒక వాక్యం. లేదా అయిదు పేజీల్లో ఒక పాఠం. దీనికి పెట్టుబడి ఒక నోట్‌బుక్కు. ఈ రోజు దిద్దిన పేపర్లలో కొత్త తప్పు కనిపిస్తే అందులో రాసుకోవాలి. పిల్లాడి పేరు అక్కర్లేదు. లెక్క, వాడి జవాబు, అది ఎలా వచ్చిందో... అంతే.

సాయంత్రం అయిదైంది. పేపర్లు అయిపోయాయి. టీచరమ్మ పెద్దాడి పాత రఫ్ నోటు వెతికి తెచ్చుకుంది. ఖాళీ పేజీలో 42, దాని కింద 17, గీత, దాని కింద 35.

'అయితే ఎప్పుడు మానేస్తావ్?' అన్నాడు భర్త టీ కప్పు అందిస్తూ.

'ఏప్రిల్ దాకా మానను. ఈలోగా మీరు నా అపాయింట్‌మెంట్ ఆర్డరు ఎక్కడ పెట్టారో వెతకండి. అందులో బేసిక్ ఎంత రాశారో చూడాలి.'